బొమ్మ బయటికి పట్టుకోండి

మా నాన్న తన జీవితంలో ఒక్క గ్రామఫోను రికార్డునైనా దాని సొంత కవర్లో పెట్టి ఎరగడు.

పొరపాటున ఒకటో రెండో అటూ ఇటూ అయ్యాయంటే ఎవరైనా సరిపెట్టుకుంటారు. మేడ మీద మా ముందుగదిలో గోడ పొడవునా అలమర, అలమర నిండా రికార్డులు, అన్నీ అటూ ఇటే. కవరు మీద వేణువు ఊదుతున్న మనిషి బొమ్మ ఉంటే లోపల పోలీసు బ్యాండు ఉండేది. పోలీసు బ్యాండు కవర్లో జోలపాటలు. జోలపాటల కవర్లో, నోటితో రకరకాల పక్షుల్లా కూసే ఒకాయన. ఆ పక్షుల కవర్లో ఏముందో తెలియాలంటే పక్షుల మీద ఆశ వదులుకుని బయటికి తీసి చూడాల్సిందే.

నేను ఆ ఇంట్లోనే పుట్టాను కాబట్టి లోకమంతా ఇంతే అనుకున్నాను. సెలవు రోజుల్లో భోజనాలయ్యాక చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, కవరు గుండెల మీద నిలబెట్టుకుని, బొమ్మ చూస్తూ పాట వినేదాన్ని. బొమ్మలో మంచుకొండలు, చెవిలో పడవవాళ్ళ పాట. నాకేం ఇబ్బంది అనిపించేది కాదు. ఆ మంచుకొండల మధ్య నుంచి పడవలు మెల్లగా వచ్చేవి, తెడ్ల కింద మంచు చప్పుడు చేసేది, నాకు కళ్ళు మూతపడేవి. ఇప్పటికీ ఎక్కడైనా మంచు ఫొటో చూస్తే తెడ్ల చప్పుడు వినిపిస్తుంది. పగటికలల పిల్ల అని ఇంట్లో నాకు పేరు. అందులో సగం వాటా నాన్నదేనని నా వాదన.

ఇంతకీ నాన్న ఉద్యోగం ఏమిటో చెప్తే నవ్వుతారు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేయడం. ఎదురుగా గోడంతా చిన్న చిన్న అరలు, వీధికొక అర. కళ్ళు ఉత్తరం మీద ఉండేవి, చెయ్యి దానంతటదే అర దగ్గరికి వెళ్ళేది. పనిచేసినన్నాళ్ళూ ఈయన చేతిలోంచి ఒక్క ఉత్తరం కూడా తప్పు అరలో పడలేదని రిటైరైన రోజున పోస్టుమాస్టరు మైకులో చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ నవ్వాపుకోలేక చాలాసేపు దగ్గింది.

"లేచి నేను కూడా నాలుగు మాటలు చెబుదామనుకున్నాను" అంది ఇంటికొచ్చాక.

"అక్కడ అన్నీ సరిగ్గా పెట్టి పెట్టి చేతులు విసిగిపోతాయే. ఇంటికొచ్చాక వాటికి కాస్త ఆటవిడుపు ఉండొద్దూ?" అన్నాడు నాన్న, జోలపాటల రికార్డు తీసుకెళ్ళి వంట పాఠాల కవర్లో దూరుస్తూ.

పోనీ, ఈ తంతు ఇంటి వరకే ఉంటే మా పరువు దక్కేది. నాన్నకి రికార్డులు అరువివ్వడం పిచ్చి. అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు, అడగనివాళ్ళని వీధిలో ఆపి మరీ ఇచ్చేవాడు. రికార్డు మధ్యలో గుండ్రటి కాగితం మీద పేరు ఉంటుంది కదా, చూసుకోవచ్చు కదా అంటారేమో. ఇంటికెళ్ళి కవర్లోంచి తీస్తే గదా అది కనబడేది! అప్పటికి మళ్ళీ ఇంత దూరం రావడానికి బద్ధకం. సరే, తెచ్చుకున్నాం గదా అని అదే పెట్టుకుని వినేవారు.

వీధి చివర పళ్ళ డాక్టరుగారు ఉండేవారు. పళ్ళు పీకడంలో ఎంత మొనగాడో మొహమాటంలో అంతకు రెట్టింపు. ఒకరోజు ఆయన వచ్చి, "పేషెంట్లు కుర్చీ చూడగానే వణికిపోతున్నారండీ. మెత్తగా ఉండే వేణువు ఏదైనా ఉంటే ఇప్పించండి" అన్నారు. నాన్న వేణువు మనిషి బొమ్మ ఉన్న కవరు తీసి ఆయన చేతిలో పెట్టాడు. మర్నాడు ఆయన తెల్లకోటు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చారు.

"ఏమండీ! ప్లేయరు మీద పెట్టమని మా నర్సుకిచ్చి నేను పన్ను పట్టుకున్నాను. అంతే, మీ వేణువులోంచి పోలీసు బ్యాండు బయల్దేరింది. కుర్చీలో మనిషి దిగ్గున లేచి నిలబడి సెల్యూటు కొట్టాడండీ!"

"మరి పన్ను?"

"నా చేతిలోకి వచ్చేసింది."

"అయితే ఇంకేం?"

"అది కాదండీ, నేనడిగింది వేణువు..."

"అయ్యో, వేణువు కాదా! మరి విన్నారా?"

తప్పు రికార్డు అంటగట్టినవాడు ముందు క్షమించమని అడగాలి. నాన్న నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. "మరి విన్నారా?" అనే అడిగేవాడు. ఎంత ఆత్రంగా అడిగేవాడంటే, దులిపేద్దామని వచ్చినవాళ్ళు కూడా "ఆఁ, విన్నామండీ, బాగానే ఉంది" అని నసిగి, ఇంకో రికార్డు చంకన పెట్టుకుని పోయేవారు. పళ్ళ డాక్టరుగారైతే ఆ తర్వాత జీవితాంతం మా ఇంటి గిరాకీ. ఆయనకి ఒక్కసారి కూడా వేణువు దక్కలేదు.

ఇచ్చేటప్పుడు నాన్న రెండు జాగ్రత్తలు చెప్పేవాడు. మొదటిది: "బొమ్మ బయటికి ఉండేలా పట్టుకోండి. లోపలికి పట్టుకుంటే చెమటకి రంగు దిగిపోతుంది." రెండోది: "ఎదుటి పక్కన నడవండి, అటు నీడ." ఎండ మాడ్చేస్తున్న రోజున ఈ మాట బాగానే ఉండేది. మబ్బు పట్టిన రోజున కూడా ఇదే మాట. సన్నగా జల్లు పడుతుంటే గొడుగు వేసుకుని వచ్చిన మనిషికి కూడా "ఎదుటి పక్కన నడవండి, అటు నీడ" అని చెప్పడం నేను నా చెవులతో విన్నాను.

"నీడేమిటండీ మీ మొహం!" అనేది అమ్మ, నవ్వుతూనే.

ఎదుటి పక్కన మేడ మీద మా అత్తయ్య ఉండేది. నాన్నకి అక్క. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసేది. "లైను ఖాళీ లేదు, కాసేపాగి ప్రయత్నించండి" అని ఆవిడ చెబితే, లైను ఖాళీ లేనందుకు జనం సంతోషించేవారట. ఆ గొంతు నచ్చి, వయసులో ఉన్నప్పుడు ఒక చిన్న కంపెనీవాళ్ళు ఆవిడతో ఒక రికార్డు పాడించారు. ఒకే ఒక్కటి. కవరు మీద అత్తయ్య ఫొటో: గడ్డం కింద చెయ్యి, వెనకాల స్టూడియోవాడి పరదా మీద గీసిన నది, ఒక కనుబొమ పైకి. పాట కూడా నది గురించే. "అవతలి గట్టు దీపమా, ఆరిపోకే, వస్తున్నా" అని మొదలవుతుంది.

"వచ్చినవి వచ్చినట్టే అమ్ముడైపోయాయి తెలుసా?" అనేది అత్తయ్య, కనుబొమ ఫొటోలో ఉన్నట్టే పైకెత్తి. "నేనే వెళ్ళి షాపులో అడిగాను. ఒక్కటి కూడా మిగల్లేదమ్మా అన్నాడు."

"మరి ఇంకోటి పాడలేదేం అత్తయ్యా?"

"కంపెనీ మూసేశారు. అయినా అంత బాగా అమ్ముడయ్యాక మళ్ళీ పాడితే అత్యాశ అంటారే."

అత్తయ్య ఒంటరిగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎక్స్‌ఛేంజిలో మనుషుల స్థానంలో యంత్రాలొచ్చాక ఆ గొంతు వినేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఆవిడ దగ్గర మిగిలింది ఆ ఒక్క ముక్క: ఒక్కటి కూడా మిగల్లేదు. ఎవరైనా మాట జారితే, బంధువులెవరైనా చిన్నచూపు చూస్తే, మోకాలి నొప్పి ఎక్కువైతే, ఆ ముక్క బయటికి తీసేది. వెంటనే వెన్ను నిటారుగా అయ్యేది. సాయంత్రం బాల్కనీలో కూర్చుని వీధి చూసేది. మధ్య మధ్యలో మా ఇంట్లోంచి ఎవరో ఒకరు ఆవిడ బొమ్మ ఉన్న కవరు పట్టుకుని, బొమ్మ బయటికి పెట్టుకుని, సరిగ్గా ఆ బాల్కనీ కిందనుంచి నడిచి వెళ్ళేవారు. కాసేపటికి అత్తయ్య మా ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పనట్టే అందరికీ చెప్పేది: "ఇవాళ మళ్ళీ ఎవరో నా రికార్డు అడిగి పట్టుకెళ్ళినట్టున్నారు."

ఆ మనిషి ఇంటికెళ్ళి కవరు విప్పితే లోపల పోలీసు బ్యాండు ఉండేదన్న సంగతి ఆవిడకి తెలియదు. పోలీసు బ్యాండు కోసం వెళ్ళినవాడికి మాత్రం అవతలి గట్టు దీపం దొరికేది. ఆ లెక్కన మా వీధిలో ఆ పాట రానివాళ్ళు లేరు. క్షవరం చేసే ఆయన ఈల వేస్తూ కత్తెర ఆడించేవాడు, పళ్ళ డాక్టరుగారు పన్ను పట్టుకుని "వస్తున్నా" అని కూనిరాగం తీస్తుంటే పేషెంటు ఇంకా గట్టిగా కళ్ళు మూసుకునేవాడు. లోకంలో అందరూ పుట్టుకతోనే ఆ పాట నేర్చుకుని వస్తారని నా నమ్మకం. పెద్దయ్యాక ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళి, క్యాంటీనులో ఆ పాట పాడాను. "ఇదెక్కడి పాట?" అని అడిగారు. వాళ్ళ అజ్ఞానానికి జాలిపడి ఊరుకున్నాను.

పోయిన చలికాలం నాన్న వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పడక కుర్చీలో కునుకు తీస్తూ, అలాగే. ప్లేయరు మీద పాట అయిపోయి, ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతూనే ఉంది. అమ్మ వెళ్ళి ముల్లు ఎత్తి, రికార్డు తీసి, చేతికందిన ఏదో కవర్లో పెట్టేసింది. "తప్పు కవర్లోనే పెట్టాను, చూసుకున్నాను" అంది తర్వాత. మా అమ్మ ఏడవగా నేను చూసింది ఆ మాట అన్నప్పుడే.

కొన్నాళ్ళు ఆ గదిలోకి ఎవరం వెళ్ళలేదు. అప్పుడు అన్నయ్య వచ్చాడు.

అన్నయ్య లైబ్రేరియను. ఆ ఇంట్లో పెరిగినవాడు లైబ్రేరియను కాక ఇంకేమవుతాడు? చిన్నప్పుడు వేణువు విందామని తీస్తే పోలీసు బ్యాండు మోగిన ప్రతిసారీ వాడిలో ఒక లైబ్రేరియను మొలకెత్తాడు. పుస్తకం ఒక అర పక్కకి జరిగితే వాడికి ఆ పూట అన్నం దిగదు. "పద్ధతి" అనేది వాడి ఊతపదం. రికార్డులన్నీ వాళ్ళ లైబ్రరీకి ఇచ్చేద్దాం, ఒక గదిలో నాన్న పేరు పెట్టి అందరూ వినేలా ఏర్పాటు చేస్తారట, అయితే ముందు అన్నిటినీ సొంత కవర్లలోకి చేర్చాలి అన్నాడు. నేనూ సెలవు పెట్టి వచ్చాను.

సంగతి తెలిసి అత్తయ్య బాల్కనీలోంచే కేకేసింది. "నా రికార్డు కూడా వెతికి పెట్టండర్రా! నా దగ్గరున్న ఒక్కదాన్నీ మీ నాన్న విని ఇస్తానని పట్టుకెళ్ళి, నా కవర్లో వ్యాయామం రికార్డు పెట్టి తిరిగిచ్చాడు. 'చేతులు పైకి, కాళ్ళు దూరంగా' అంటుంది అది. నా గొంతు నేను ఒక్కసారి వినాలని ఉంది."

చేతికి నూలు తొడుగులు వేసుకుని అన్నయ్య మొదలుపెట్టాడు. నేల మీద ఒకవైపు కవర్లు, ఒకవైపు రికార్డులు. పక్క కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము మెల్లగా పైకి లేస్తోంది. ఒక్కో రికార్డు ఎత్తి వెలుగుకి పట్టుకుంటే నల్లటి గీతల మీద వెలుతురు గుండ్రంగా జారిపోయేది. నేను పని చేస్తున్నానని అన్నయ్య అనుకున్నాడు. నేను మాత్రం మంచుకొండల్లోకి పడవ ఎక్కి వెళ్ళిపోయాను. ఎక్కడో నాన్న పడక కుర్చీ కిర్రుమంటోంది, "మరి విన్నావా?" అని అడుగుతున్నాడు.

"విన్నావా?" అన్నాడు అన్నయ్య గట్టిగా. "ఇది చూడు. ఈ వేణువు కవర్లో అత్తయ్య రికార్డు ఉంది."

"హమ్మయ్య, దొరికింది కదా!"

"జోలపాటల కవర్లో కూడా అత్తయ్య రికార్డే ఉంది."

వంట పాఠాల్లో అత్తయ్య. రైలు చప్పుళ్ళలో అత్తయ్య. సముద్రంలో అత్తయ్య. ఇంకోపక్క అత్తయ్య ఫొటో ఉన్న కవర్లు తీస్తుంటే వస్తూనే ఉన్నాయి, వాటిలో బ్యాండు, పక్షులు, పడవలు. అలమరలో నిలబెట్టి ఉన్నన్నాళ్ళూ వాటి అంచులు తప్ప ఏమీ కనబడలేదు. ఇప్పుడు గచ్చు నిండా పరుచుకుని, అంతమంది అత్తయ్యలూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కనుబొమలెత్తి మమ్మల్ని అనుమానంగా చూస్తున్నారు.

అమ్మ టీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి, చూసి, ఆగిపోయింది.

"అమ్మా, ఈ రికార్డు మొత్తం అమ్ముడుపోయిందని కదా అత్తయ్య చెప్తుంది?" అన్నాడు అన్నయ్య.

"అమ్ముడుపోయిందిగా."

"ఎవరు కొన్నారు?"

పళ్ళెం పెట్టడానికి చోటు కోసం అమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. "మీ నాన్న" అంది.

ఆ తర్వాత ముక్కాలిపీట మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పింది. "మాకు పెళ్ళయిన కొత్త. మంచం కొనుక్కొస్తానని బజారుకెళ్ళి, నెత్తిన అట్టపెట్టెతో వచ్చారు. మంచం ఏదండీ అంటే, 'అక్కయ్య రికార్డు ఒక్కటి కూడా పోలేదట. వెనక్కి పంపిస్తే కరిగించి వేరే పాటలు పోస్తారట. అక్కయ్య గొంతు కరిగిస్తుంటే ఎలా ఊరుకోను?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? చాప పరిచాను. మీ అన్నయ్య పుట్టేదాకా మాకు చాపే. మర్నాడు వదిన షాపుకెళ్తే ఒక్కటి కూడా మిగల్లేదమ్మా అన్నాడట. అందులో అబద్ధం ఏముంది?"

"అయితే ఈ కలగాపులగం..." అన్నాను నేను.

"ఆ రోజుల్లో వదిన రోజూ సాయంత్రం కూర్చునేది ఈ గదిలోనే. అన్నీ ఒక్కచోట ఉంటే ఆవిడ కంట పడవూ? అందుకని ఒక్కోటీ ఒక్కో కవర్లో దూర్చారు. తర్వాత ఆలోచించారు: అదొక్కటే తప్పు కవర్లో ఉంటే అనుమానం వస్తుంది, అన్నీ తప్పయితే మనిషే అంత అనుకుంటారు. అంతే, ఆ రాత్రి నుంచి మొత్తం కలిపేశారు."

"ఏది ఎందులో ఉందో నాన్నకి తెలిసేదా?"

"కళ్ళు మూసుకుని తీసేవారు. ఉత్తరాలు వేరుచేసిన చెయ్యి కాదూ అది!"

నేను లేచి వీధి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా అత్తయ్య బాల్కనీ, దాని కింద నడిచే దారి. బొమ్మ బయటికి. ఎదుటి పక్కన. ఆ ఇరుకు వీధిలో నీడ ఎప్పుడైనా మా పక్కే పడుతుందని అప్పుడు గమనించాను. నాకు నాన్న మీద పట్టరాని ప్రేమ వచ్చింది. ఎదురుగా ఉంటే ఆ బట్టతల మీద ముద్దు పెట్టేదాన్ని.

"చాలా గొప్ప పని" అన్నాడు అన్నయ్య, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "కానీ లైబ్రరీలో పెట్టేటప్పుడు ఒకే రికార్డు కాపీలన్నీ పక్కపక్కన పెట్టాలి. అది పద్ధతి."

"అత్తయ్య వచ్చి చూస్తే?"

"చూస్తే ఏముంది? నిజం చెప్తాం. నాన్న ఎంత ప్రేమతో చేశాడో తెలుస్తుంది కదా."

"నీ రికార్డు ఒక్కళ్ళు కూడా కొనలేదు అత్తయ్యా, ఇన్నేళ్ళూ ఉత్తదే నమ్మావు అని చెప్తావా? తమ్ముడు పోయిన దుఃఖం తీరకముందే? ఆవిడకి ఉన్నదల్లా ఆ ఒక్క మాటే కదా అన్నయ్యా!"

"అబద్ధం నావల్ల కాదు" అన్నాడు అన్నయ్య. నిజంగానే కాదు. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతుంటే ఎక్కడున్నావురా అని అడిగితే ఇక్కడున్నానని చెప్పేసేవాడు.

అప్పుడు కింద మెట్ల దగ్గర్నుంచి వినిపించింది, లైను కలుస్తున్నంత స్పష్టంగా: "ఏమర్రా, దొరికిందా? నేనే వస్తున్నా!"

మోకాలి నొప్పి వల్ల అత్తయ్య ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, రెయిలింగు పట్టుకుని, మెట్లు కట్టినవాడిని తిట్టుకుంటూ ఎక్కుతుంది. ఆ తిట్లు దగ్గరవుతున్నాయి. గచ్చు నిండా అత్తయ్యలు. అన్నయ్య వంక చూశాను.

అన్నయ్య కదిలాడు. నా జన్మలో వాడంత వేగంగా కదలడం చూడలేదు. నూలు తొడుగులు పీకి పారేశాడు. అత్తయ్య కవరు అందుకుని, అందులో చేతికందిన రైలు చప్పుళ్ళు దూర్చాడు. అత్తయ్య రికార్డు తీసి సముద్రంలోకి తోశాడు. పక్షులని వంట పాఠాల్లోకి, బ్యాండుని జోలపాటల్లోకి, దేన్ని దేనిలోకి అని చూడకుండా, పేరు చదవకుండా, రెండు చేతులా దూర్చి అలమరలోకి ఎక్కిస్తున్నాడు. పొద్దుటినుంచి సర్దినదంతా అత్తయ్య మెట్లని తిట్టినంతసేపట్లో చెడగొట్టేశాడు. చెమటలు కారుతున్నాయి, చొక్కా బయటికొచ్చేసింది. ఆ క్షణంలో వాడు అచ్చం నాన్నలాగే ఉన్నాడు. చివరికి ఒక అత్తయ్య కవరు నేల మీద మిగిలిపోతే, అమ్మ ఏమాత్రం తడబడకుండా టీ పళ్ళెం దాని మీద పెట్టేసింది.

"రండి వదినా, టీ తీసుకోండి."

అత్తయ్య ఆయాసం తీర్చుకుని నాన్న పడక కుర్చీలో కూర్చుంది. అలమర వంక చాలాసేపు చూసింది. "మరి, దొరికిందా?" అంది. ఆ గొంతులో ఎప్పుడూ లేని బెదురుంది.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఉంది అత్తయ్యా. ఇందులోనే ఉంది. కానీ ఏ కవర్లో ఉందో నిజంగా నాకు తెలీదు."

వాడి ముఖం వెలిగిపోయింది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు మరి!

"మీ నాన్న ఇల్లు కదూ!" అంది అత్తయ్య. "ఏదో ఒకటి తీయ్. అదృష్టం ఎలా ఉందో చూద్దాం."

అన్నయ్య కళ్ళు మూసుకుని సముద్రం కవరు తీశాడు. నేను ప్లేయరు మీద పెట్టి ముల్లు దించాను. గరగరమంది, ఆ గరగర వెనక ఏదో దూరం నుంచి నీళ్ళు కదిలినట్టు తంబూరా. తర్వాత ఒక అమ్మాయి గొంతు గదిలోకి నడిచి వచ్చింది. అవతలి గట్టు దీపమా, ఆరిపోకే, వస్తున్నా. కిటికీలో ఎండ పచ్చబడింది. కవరు మీద అలలు, నా కళ్ళముందు పరదా మీది నది నిజంగా పారుతోంది, దాని అవతలి గట్టున ఎవరో నెత్తిన అట్టపెట్టె పెట్టుకుని హడావిడిగా ఇంటికి పోతున్నారు. కింద వీధిలో వెళ్తున్నవాళ్ళెవరో అందుకుని ఈల వేశారు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. రెండు వేళ్ళు కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాయి.

పాట అయ్యాక నేను ముల్లు ఎత్తాను.

"రెండో చరణంలో కాస్త తొందరపడ్డాను" అంది అత్తయ్య.

"ఎవరికీ తెలీదులెండి వదినా."

"తీసుకెళ్తావా అత్తయ్యా?" అన్నాను నేను.

అత్తయ్య ఆలోచించింది. కనుబొమ మెల్లగా పైకి లేచింది. "వద్దులేవే. నా దగ్గరుంటే నేనొక్కదాన్నే వింటాను. ఇక్కడుంటే ఎవరో ఒకరు అడిగి పట్టుకెళ్తారు. అసలే ఒక్కటి కూడా మిగలని రికార్డు."

లైబ్రరీకి అన్నయ్య కబురు పెట్టాడు, సర్దడం ఇంకా పూర్తి కాలేదని. అదీ నిజమే. ప్రతి ఆదివారం వచ్చి తలుపేసుకుని సర్దుతాడు, వాడు వెళ్ళాక చూస్తే ముందుకన్నా కలగాపులగంగా ఉంటుంది.

మొన్న ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. పళ్ళ డాక్టరుగారు వచ్చారు. బాగా పెద్దవారయ్యారు, ఆయన పళ్ళే రెండు ఊడాయి. నాన్న లేడు కాబట్టి అడగాలా వద్దా అని గుమ్మంలో చాలాసేపు నలిగిపోయారు.

"వేణువు ఏదైనా ఉంటే..." అన్నారు మెల్లగా.

అన్నయ్య లోపలికెళ్ళాడు. చాలాసేపు వెతికాడు. బయటికొచ్చి అత్తయ్య ఫొటో ఉన్న కవరు ఆయన చేతుల్లో పెట్టాడు. డాక్టరుగారు కవరు చూశారు, అన్నయ్యని చూశారు, ముఖం నిండా నవ్వారు. ఇంత కాలానికి మళ్ళీ తనకి కావలసింది దొరికిందన్నట్టు కవరుని జాగ్రత్తగా పట్టుకున్నారు.

"బొమ్మ బయటికి పట్టుకోండి డాక్టరుగారూ. చెమటకి రంగు దిగిపోతుంది" అన్నాడు అన్నయ్య. "ఎదుటి పక్కన నడవండి, అటు నీడ."

బయట ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. డాక్టరుగారు రోడ్డు దాటి, కవరు గుండెలకి ఆనించుకుని, బొమ్మ బయటికి పెట్టుకుని, బాల్కనీ కిందనుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళారు. పైన అత్తయ్య కళ్ళజోడు సవరించుకుంది. తర్వాత జుట్టు సవరించుకుంది. కాసేపటికి మా మెట్ల మీద తిట్లు మొదలయ్యాయి.